తొర్రలో సిమెంట్

అబిడ్స్ వెనక సందులో విజయేందర్ ఇంటి ముందున్న ముసలి వేపచెట్టుకు పెద్ద తొర్ర ఉండేది. చెట్టు పుచ్చిపోకుండా ఉంటుందని, దాని నిండా సిమెంట్ పెట్టించాడు.

"సార్, లోపల ఏందో కదులుతున్నది. జర చూసి నింపుదాం," అన్నాడు మేస్త్రీ పోచయ్య.

"ఏముంటది? నింపు."

ఆ రాత్రి నుంచి ఒక గుడ్లగూబ ఎలుకను నోట కరుచుకొని ఆ సిమెంట్ ముందు వాలుతోంది. నెల దాటింది.

"రోజూ గాడ ఏమున్నదని వస్తుందండీ అది?" అడిగింది భార్య శ్రీవిద్య.

"నాకేం తెలుసు?" అన్నాడు తల దించుకొని.

ఆమె నిద్రపోయాక వెళ్ళి సిమెంటుకు చెవి ఆనించాడు. నెల దాటినా లోపల గుడ్లగూబ పిల్లలు ఇంకా ఆకలికి సన్నగా అరుస్తూనే ఉన్నాయి.

సుత్తి తెచ్చాడు, ఎత్తాడు. కొడితే శ్రీవిద్య లేచి చూస్తుందని మెల్లగా దించేశాడు.