ఎవరూ తోలని బండి

కారులో పెట్రోలు వాసన వస్తోందని షెడ్డుకి తీసుకెళ్లాం. మెకానిక్ కోటిలింగం పెట్రోలు పోసే గొట్టం ఊడదీసి చూపించాడు. తుప్పు పట్టి జల్లెడైపోయింది.

"సముద్రం ఒడ్డున తిప్పుతున్నారాండీ?"

"నేనా? రోజూ గుడివాడకి రైల్లో వెళ్లొస్తాను. కారు ఇంటి దగ్గరే పడుంటుంది. నేను తప్ప ఎవరూ తోలరు."

"వెనక చక్రం పైన గుప్పెడు తడి ఇసక ఉందండీ. ఇదిగో, గవ్వ కూడా."

"పాత ఓనరు నిర్వాకమై ఉంటుంది" అని మా ఆవిడ రాజ్యలక్ష్మి వైపు తిరిగాను. "చూశావా, మీ తమ్ముడు చూసిపెట్టిన బండి."

రాజ్యలక్ష్మి గవ్వని తిప్పి తిప్పి చూస్తోంది.

కోటిలింగం కొత్త గొట్టం బిగించి పెట్రోలు పోశాడు. వాసన పోయింది. ఈలోగా మా బండికి ముందొక లారీ, వెనకొక ఆటో వచ్చి ఆగాయి. నేను కాస్త ముందుకీ కాస్త వెనక్కీ పోనిచ్చి, చెమటలు పట్టి ఆపేశాను.

"మీరు దిగండి" అంది రాజ్యలక్ష్మి.

కొంగు బిగించి కూర్చుంది. అద్దంలో ఒకసారి చూసి, లారీకీ ఆటోకీ తగలకుండా ఒక్క ఊపున బండిని రోడ్డెక్కించింది.

కోటిలింగం నవ్వు దాచుకోవడానికి పానాలు సర్దుకుంటున్నాడు.

"ఎక్కండి" అంది రాజ్యలక్ష్మి. "మంగినపూడి బీచ్‌లో అయితే ఇంత ఇరుకుండదు."