కింది వాడకు కబురు

“తలుపు తియ్యి దస్రన్నా! మీదున్న చెరువు కట్ట తెగేటట్టున్నది!”

వానలో తడిసి ముద్దయిన పంచాయతీ కార్యదర్శి నరేందర్ గొంతు చించుకుంటుంటే, దస్రు తలుపు సందులోంచి ముఖం మాత్రం బయటపెట్టాడు.

“ఫోన్ల కూతలు మేం సుత ఇన్నం సారూ. పోయినేడు గిట్లనే బెదిరిచ్చి బడిల పండవెట్టిండ్రు. సుక్క వాన పడలే. తెల్లారి అచ్చి సూస్తె నా మేకలు లెవ్వు. ఈసారి నేను కదల.”

తలుపు మూసుకుంది. టేకుమట్ల ఊరికి అవతల, వాగు ఒడ్డున ఉన్న ఆ కింది వాడలో ముప్పై ఇళ్లు. నరేందర్ ఒక్కో తలుపూ కొట్టుకుంటూ వచ్చాడు. మైకులో చెప్పాడు, వాట్సాప్‌లో పెట్టాడు. ‘రెడ్ అలర్ట్: అతి భారీ నుంచి అత్యంత భారీ వర్షాలు’ అంటూ తెల్లవారి నుంచి అందరి ఫోన్లూ ఒక్కసారే కీచుమంటుంటే, జనం వాటిని దిండ్ల కింద తోసేశారు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది.

పొద్దున సోమనర్సయ్య ఇదే అన్నాడు. వాడకు పైన, ఎత్తు గడ్డ మీద ఉండే ఆ ముసలాయన, చెరువు తూము చూసుకునే నీరటిగా నలభై ఏళ్లు పనిచేశాడు.

“నీ మిల్లీమీటర్లు, నీ రంగులు ఎవనికి సమజైతయి బిడ్డా? కట్టకు బుంగ వడ్డది. పొద్దుగూకేదాంక ఆగది. నాకైతె గుండెల బరువైతున్నది.”

“దవాఖానకు పోదామా బాపూ?” అని అడిగితే, ఆయన చెయ్యి ఊపి పంపేశాడు.

సాయంత్రం నాలుగింటికే చీకట్లు కమ్మాయి. అప్పుడు గడ్డ మీద డప్పు మోగింది. చావు డప్పు. అంత వానలో తోలు మెత్తబడి మూగబోవాలి. ఇది మాత్రం అప్పుడే సెగకు కాచినట్టు ఖణఖణమంటోంది.

“సోమనర్సయ్య పోయిండు!” డప్పు కొట్టే పోశాలు కేక వాడంతా వినిపించింది.

నరేందర్ కొట్టబోతున్న తలుపు వదిలి గడ్డ వైపు తిరిగాడు. పొద్దున బలవంతంగానైనా దవాఖానకు తీసుకుపోవాల్సింది. దుఃఖం వెంటే కోపమూ వచ్చింది. ఊరు మునిగేవేళ చావుకు ముహూర్తం దొరికిందా ఈయనకు!

పెండ్లికి పిలిస్తేనే పోవాలి, చావుకు పిలవకున్నా పోవాలి. ముప్పై తలుపులూ తెరుచుకున్నాయి. గోనెసంచులు కప్పుకుని, పిల్లల్ని చంకనెత్తుకుని, వాడంతా గడ్డ ఎక్కింది. దస్రు మేకల మాటే మరిచాడు.

అరుగు మీద శవం. తలనుంచి కాళ్లదాకా తెల్లగుడ్డ. తల దగ్గర దీపం అంత గాలికీ ఆరలేదు. సోమనర్సయ్య భార్య అండాలు గడప మీద కూర్చుని, వాకిట్లోకి వచ్చేవాళ్లను వేళ్ల మీద లెక్కపెడుతోంది. కంట్లో తడి లేదు. మతి చలించిందేమో పాపం అని ఆడవాళ్లు గుసగుసలాడారు.

“ముఖం సూస్తం అవ్వా,” అంటూ దస్రు గుడ్డ అంచు పట్టుకోబోయాడు.

“ముట్టకు!” అండాలు కసిరింది. “తోడవుట్టిన భూలక్ష్మి సూడందే ఎవ్వలు సూడొద్దు.”

“భూలక్ష్మవ్వ కింద వాడల మంచంల వడి ఏడాదాయె. ఎట్లస్తది?”

“మంచంతోని మోసుకరాండ్రి. అప్పటిదాంక ఎవ్వలన్న వాకిలి దాటిండ్రో, ఆయన ఊకోడు.”

ఆ మాటకు వాకిలి దాటబోయిన ఇద్దరు వెనక్కి వచ్చారు.

నలుగురు దిగారు. మంచం కోడు ఒకటి నరేందర్ పట్టుకున్నాడు. అప్పటికే వాడలో మోకాలిలోతు నీళ్లు. ఒక కుక్క వాళ్లకు ఎదురొచ్చి, మొరగకుండా గడ్డ వైపు పరిగెత్తింది. “అన్నా...” అని భూలక్ష్మి దారంతా సన్నగా ఏడుస్తూనే ఉంది. కాళ్లు జారుతూ, రొప్పుతూ ఎలాగో పైకి చేర్చి, మంచాన్ని శవం పక్కన దించారు.

అప్పుడు వినిపించింది ఉరుములాంటి మోత. ఉరుమైతే ఆగిపోతుంది. ఇది ఆగలేదు.

అందరూ వాకిలి అంచుకు పరిగెత్తారు. కింది వాడ లేదు. ఎర్రటి నీళ్లు, వాటి మధ్య రెండు కరెంటు స్తంభాల కొసలు. జేబుల్లో వేసుకొచ్చిన ఫోన్లన్నీ ఒక్కసారే కీచుమన్నాయి, అప్రమత్తంగా ఉండమని.

దస్రు అరుగు వైపు తిరిగి దండం పెట్టాడు.

“సచ్చి మనల బతికిచ్చిండు మారాజు.”

సాయంత్రమంతా ఆ ముసలాయన్ని తిట్టుకున్నందుకు నరేందర్‌కు ఏడుపు ఆగలేదు. భూలక్ష్మి మంచం మీదినుంచే చెయ్యి చాచి, అన్న ముఖం మీది గుడ్డను మెల్లగా తొలగించింది.

“అందరు పైకచ్చిండ్రా చెల్లే?” అని అడిగాడు సోమనర్సయ్య.