మరమ్మతుల ఆదివారం

"మళ్లీ ఇస్త్రీపెట్టేనా?" రేడియో బాబాయి కళ్లజోడు నుదుటి మీదకి తోసుకున్నాడు. "మొన్నేగా బాగుచేసిచ్చాను! దీంతో బట్టలు ఇస్త్రీ చేస్తున్నావా, గోడకి మేకులు కొడుతున్నావా?"

బస్సు డ్రైవరు తల గోక్కున్నాడు. "ఏం చేయను బాబాయ్, మా ఇంట్లో వస్తువులకి ఆయుష్షు తక్కువ."

"వస్తువుల్ని అనకు. వాటికి నోరుంటే మీ గురించి ఏం చెబుతాయో! ఇటు తే."

గ్రంథాలయం వెనక హాలులో, పొడవాటి బల్ల ముందు ఆదివారం సందడి మొదలైంది. ఆ పేటలోని సేవాసంఘం వాళ్లు ఇళ్లల్లో పాడైన వస్తువులు ఉచితంగా బాగుచేసిపెట్టే రోజది. బాగుచేసే చెయ్యి మాత్రం బాబాయిదే. తక్కినవాళ్లు స్క్రూలు ఏరుతారు, టీ పోస్తారు, తిట్లు తింటారు. సంఘం అధ్యక్షురాలు, పళ్ల డాక్టరమ్మ, ఆ పూట తన మిక్సీ పట్టుకుని వరసలో నిలబడింది.

"మీరు కూడానా అమ్మా? ఊళ్లో అందరి పళ్లూ కాపాడతారు, ఇంట్లో మిక్సీని కాపాడుకోలేరా?"

"పళ్లయితే నొప్పి పుడితే చెబుతాయి బాబాయ్ గారూ," అందావిడ నవ్వుతూ.

ఏడాది కిందట ఆ బాబాయిని చూసినవాళ్లెవరూ ఇప్పుడు చూస్తే నమ్మరు. రేడియోలతో మొదలుపెట్టి ఫ్యాన్లూ మిక్సీల దాకా బాగుచేస్తూ బతికిన మనిషి, పక్షవాతంతో ఒక్క పూటలో కూలబడ్డాడు. ప్రాణం దక్కింది గాని కుడిచెయ్యి మాట వినడం మానేసింది. దుకాణం మూసేశాడు. గోడవైపు తిరిగి పడుకునేవాడు. కోడలు రబ్బరు బంతి తెచ్చి, "పిసకండి మావయ్యా, డాక్టరు చెప్పారు కదా," అని బతిమాలితే, "చిన్నపిల్లాడినా ఆడుకోడానికి?" అని కిటికీలోంచి విసిరేశాడు. అదీ ఎడమచేత్తోనే. అన్నం ముద్ద కోడలు కలిపి పెడుతుంటే ఆయన కళ్లు మూసుకునేవాడు. ఆకలి తీరేది గాని సిగ్గు తీరేది కాదు.

అలాంటి రోజుల్లో డాక్టరమ్మ వచ్చి మంచం పక్కన కూర్చుంది. ఎలా ఉన్నారని అడగలేదు.

"మా సంఘానికి పని తెలిసిన మనిషి కావాలి. మీరు రాకపోతే ఈ కార్యక్రమం ఎత్తేయాల్సిందే."

"ఈ చేత్తోనా?"

"చేతులు మావాళ్లకి బోలెడున్నాయి బాబాయ్ గారూ. తలే లేదు."

విసుక్కుంటూనే వెళ్లాడు. మొదట్లో స్క్రూడ్రైవరు పట్టుకుంటే జారిపోయేది. జారినప్పుడల్లా బస్సు డ్రైవరు బల్ల కింద దూరి తెచ్చిచ్చేవాడు. లెక్కల టీచరు తన టేబుల్ లైటు అప్పగించి, "నాకు తొందరేం లేదు, నెల పట్టినా పరవాలేదు," అనేవాడు. ఎవరూ జాలి మాట ఎత్తలేదు. పని ఆలస్యమైతే మాత్రం, "ఇంకా కాలేదా?" అని దబాయించేవాళ్లు. ఆ దబాయింపు బాబాయికి పథ్యంలా పనిచేసింది. వేళ్లు ఒక్కొక్కటే మళ్లీ మాట వినసాగాయి. ఒకనాడు కోడలు కంచం తెచ్చేసరికి ఆయనే చెయ్యి కడుక్కుని కూర్చున్నాడు. ఆ అమ్మాయి వంటింట్లోకి పారిపోయి కొంగుతో కళ్లు తుడుచుకుంది.

మిక్సీ విప్పుతుండగా, గుమ్మం పక్క కుర్చీలో ముడుచుకు కూర్చున్న ఒకావిడ బాబాయి కంటపడింది.

"ఎవరమ్మా ఆవిడ?"

"మా వీధిలో బట్టలు కుడుతుంది," అంది డాక్టరమ్మ గొంతు తగ్గించి. "భర్త పోయాక మిషను ముట్టలేదు. గడప దాటడం లేదు. బలవంతాన లాక్కొచ్చాను."

బాబాయి ఆవిడ చేతులకేసి చూశాడు. తర్వాత గట్టిగా పిలిచాడు. "ఇదిగో అమ్మాయ్! ఈ టార్చి పట్టుకునే దిక్కు లేదిక్కడ. కాస్త రా."

"నాకివేం తెలియవండీ."

"టార్చి పట్టుకోడానికి చదువులేం అక్కర్లేదు. రా తల్లీ."

ఆవిడ వచ్చింది. మొదట వెలుగు మిక్సీ మీద తప్ప అన్నిచోట్లా పడింది. కాసేపటికి నిలకడగా నిలిచింది. సన్నటి తీగ ఇరుకు కన్నంలో దూరక బాబాయి తంటాలు పడుతుంటే, ఆవిడే టార్చి కింద పెట్టి, తీగ కొస మెలితిప్పి, ఒక్కసారిగా ఎక్కించేసింది.

"అమ్మో! సూదిలో దారం ఎక్కించిన చెయ్యి!" అన్నాడు బాబాయి.

ఆవిడ నవ్వబోయి ఆపుకుంది. మిక్సీ బుర్రుమని తిరిగేసరికి మాత్రం ఆపుకోలేకపోయింది. చప్పట్లు కొట్టిన డ్రైవరుకి బాబాయి తిట్లు పడ్డాయి. వెళ్లేముందు ఆవిడ గుమ్మం దగ్గర ఆగింది.

"వచ్చేవారం కూడా ఉంటుందా బాబాయ్ గారూ?"

"ఉండకేం? నువ్వు రాకపోతే నాకు టార్చి ఎవరు పడతారు?"

ఆవిడ తల ఊపి వెళ్లింది. హాలు ఖాళీ అయింది. డాక్టరమ్మ టీ కప్పు అందించింది. బాబాయి కుడిచేత్తోనే అందుకున్నాడు.

"రేపు దుకాణం తెరుస్తున్నానమ్మా."

ఆవిడ ముఖం వెలిగింది, వెంటనే కాస్త వాడింది. "మంచిమాట చెప్పారు! మరి మా ఆదివారాలు?"

"ఆదివారం మీదే. నేను గోడకేసి చూస్తున్న రోజుల్లో పలకరించడానికి చాలామంది వచ్చారు. పనుంది రమ్మని పిలిచింది మీరొక్కరే. మందులేసింది మా కోడలు, మనిషిని చేసింది మీరు. మీ రుణం ఎలా తీర్చుకోను?"

"అదేం మాట? మా వస్తువులన్నీ బాగుచేసిపెట్టింది మీరు. రుణం మాది."

బాబాయి ఖాళీ కప్పు బల్ల మీద పెట్టాడు. బట్టలు కుట్టే ఆవిడ వెళ్లిన వైపు ఒకసారి చూసి, డాక్టరమ్మ వైపు వంగి మెల్లగా అన్నాడు.

"వచ్చేవారానికి మీరు కావాలని పాడుచేసి తెచ్చేది కాస్త తేలికైనది చూడండమ్మా, ఆవిడకి కొత్త."