రంగుగుండ్ల తుపాకీ

"గిదేందయ్యా, పిల్లల బొమ్మ కొంటున్నవా?" అని ఆటోలోంచే అడిగింది స్వర్ణ.

ప్రహ్లాద్ వినిపించుకోలేదు. ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల వరుస అయిపోయే చోట జితేందర్ అనే అతను పాత ఆటసామాన్లు పరుచుకుని కూర్చున్నాడు. అతని ముందు గొంతుక్కూచుని ప్రహ్లాద్ ఒక తుపాకీని అటూ ఇటూ తిప్పి చూస్తున్నాడు.

అది రంగుగుండ్ల తుపాకీ. గోలీకాయంత ఉండలో రంగు ఉంటుంది. తగలగానే పగిలి చిమ్ముతుంది. కుర్రాళ్లు సరదాకి ఒకరినొకరు కొట్టుకునేది.

"అన్నిటికి గ్యాస్ ఉంటది సార్, దీనికి లేదు. ఉత్త స్ప్రింగు. ప్రతి గుండుకూ గుంజాలె," అన్నాడు జితేందర్. "ట్రిగ్గర్ గూడ జర గట్టిగుంటది. అందుకే ఎవలు తీస్కపోతలేరు."

"దెబ్బ మాత్రం గ్యాస్‌దాని లెక్కనే తగుల్తదా?"

"ఔ సార్. రెండు దినాలు కమిలి ఉంటది. కండ్లు జాగ్రత్త."

ప్రహ్లాద్ బేరమైనా ఆడకుండా తీసుకున్నాడు. స్వర్ణకు విచిత్రంగా అనిపించింది. ఇంజెక్షన్ సూది చూస్తేనే మొహం తిప్పుకునే మనిషికి దెబ్బల సంగతెందుకు?

"ఎవరికి గిది?"

"నీకే."

ఆమెకు ఒళ్లు మండింది. పక్షవాతం వచ్చి కుడిచేయి పడిపోయి ఎనిమిది నెలలు. ఆ చేత్తోనే ఇరవై ఏళ్లు చీరలకు ఫాల్స్ కుట్టింది. ఇప్పుడు చెంచా కూడా నిలవదు. దవాఖానాలో ఇచ్చిన రబ్బరు బంతి మంచం కిందికి దొర్లిపోయింది. తీసే మనసు లేదు. మూతపెట్టిన కుట్టుమిషన్ వంక చూసి ఏడవడమే ఆమెకు పని.

ప్రహ్లాద్ సంగతీ అంతంతమాత్రమే. అతను పనిచేసే బట్టల దుకాణం మూతపడింది. శంషాబాద్ దారిలో కొత్తగా పెట్టిన ఆటల పార్కుకు పని అడగబోతే, అలవాటు లేదని తిప్పి పంపారు. అలవాటు లేనిది కంప్యూటరేమో అనుకుంది స్వర్ణ.

"బంతి పిసుకుమంటె పిసుకుతలేవు. గిది గుంజు, నొక్కు. నన్నే కొట్టు," అన్నాడు ఆటో ఎక్కుతూ. "ఇరవై ఎనిమిదేండ్ల కోపం ఉండె గద నా మీద!"

కోపంలోనే ఆమెకు నవ్వొచ్చింది.

నాంపల్లిలో వాళ్లుండేది మూడో అంతస్తు మీద ఒంటిగది. గది ముందంతా డాబా. మర్నాడు పొద్దున్నే ప్రహ్లాద్ పాత చొక్కా వేసుకుని, హెల్మెట్ పెట్టుకుని, నీళ్ల ట్యాంకు ముందు నిలబడ్డాడు. స్ప్రింగు గుంజడానికి ఆమె ఎడమచేయి సాయం చేసింది గానీ, కుడిచేతి వేలు ట్రిగ్గర్ మీద నిలవనే లేదు. తుపాకీ కింద పడేసి లోపలికి వెళ్లిపోయింది. అతను తీసి మళ్లీ చేతికిచ్చాడు.

నాలుగో రోజు ఒక గుండు ట్యాంకుకు తగిలి పచ్చగా పగిలింది. పదోరోజు అతని భుజానికి తగిలింది. "అమ్మో!" అని ప్రహ్లాద్ ఎగిరి గంతేశాడు. స్వర్ణ పడీ పడీ నవ్వింది. నవ్వీ నవ్వీ ఏడ్చింది. తన చేయి మళ్లీ ఒక పని చేసింది!

ఆ తర్వాత అతను రోజుకో కొత్త షరతు పెట్టేవాడు.

"చెప్పి కొట్టకు. సప్పుడు జెయ్యకుండ కొట్టు."

"ఇంకింత దగ్గరికి రా."

"ఇగ ఎనక దిక్కు కొట్టు."

"ఎనకెందుకయ్యా?"

"ఒక్క దిక్కే కొడితె నీ చెయ్యి ఒక్క దిక్కే తిరుగుతది."

స్నానం చేస్తే రంగు పోయేది. మచ్చలు పోయేవి కావు. ఛాతీ మీదా వీపు మీదా రూపాయి బిళ్లలంత నల్లగా కమిలినవి. ఎడమచేత్తో వాటికి కొబ్బరినూనె రాస్తూ ఆమె బతిమాలేది.

"ఇగ సాలు. బందు జేద్దాం."

"నీ చెయ్యి మంచిగయ్యేదాంక బందు లేదు."

రెండు నెలలు తిరిగేసరికి ఆమె టీ గ్లాసు పట్టుకుంది. జాకెట్టు హుక్కులు తనే పెట్టుకుంది. ప్రహ్లాద్ కూడా మారిపోయాడు. ఎన్ని గుండ్లు తగిలినా కదిలేవాడు కాదు. హెల్మెట్ అద్దం వెనక కళ్లు కూడా మూసుకునేవాడు కాదు. నా కోసం ఎంత ఓర్చుకుంటున్నాడో అని ఆమె లోలోపల దండం పెట్టుకునేది.

అప్పుడే మంచి కబురు వచ్చింది. తిప్పి పంపిన ఆ పార్కువాళ్లే అతన్ని పిలిచి పని ఇచ్చారు.

"ఏం పని?"

"నిలబడే పని. దుకాణంల నిలబడలేదా ఇన్నేండ్లు?"

గేటు దగ్గర కాబోలు అనుకుంది. మర్నాడే చేరాలి. అతను తెచ్చిన కొత్త యూనిఫారం కవర్లోనే ఉంది.

"ఇటియ్యి, వదులైతె నేనే కుట్టి ఇస్త," అంది స్వర్ణ. ఎన్నాళ్లకో ఆ మాట అనగలిగింది.

"ఇప్పుడెందుకు? ఉండనియ్యి," అని కవరు బీరువా మీద పెట్టి, పాలకని కిందికి దిగాడు ప్రహ్లాద్.

ఆమె మిషను మూత తీసింది. సూదిలో దారం ఎక్కించింది. వేళ్లు వణికాయి గానీ, నాలుగోసారికి ఎక్కింది. ఆ సంతోషంలో స్టూలెక్కి కవరు దింపింది.

ఆ కుడిచేత్తోనే చొక్కా తీసి మంచం మీద పరిస్తే, ముందూ వెనకా పళ్లెమంత ఎర్రటి గురిచూసే గుండ్రటి గుర్తులు, వాటి కింద పెద్ద పెద్ద అక్షరాల్లో ఇలా ఉంది: "కదలని మనిషి! పది గుండ్లు వంద రూపాయలు."