నల్లబడ్డ చేప

చెల్లెలు ప్రయాణానికి సంచి సర్దుతుంటే అక్క గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"మూడు నెలలు ఆస్పత్రిలో ఉన్నాను. ఇల్లు నీకప్పగించాను. నా జపాను చేప ఏదే?"

"తొట్టిలోనే ఉందిగా అక్కా."

"ఆ బొగ్గుముక్కా? నా చేప పాల మీద కాటుక చుక్కలు పెట్టినట్టుండేది. దాన్ని చూడ్డానికే వీధంతా మనింటికొచ్చేది. నీ కూతురి తొట్టిలోకి చేర్చావు కదూ?"

"చలి మొదలైనప్పటి నుంచీ రోజురోజుకీ నల్లబడింది. ఎందుకో నాకూ తెలీదు."

"చేపలు నల్లబడతాయా? నా చెవిలో పువ్వులు పెట్టకు."

చెల్లెలు సర్దిన చీరలన్నీ మంచం మీద గుమ్మరించి, "ఇందులో ఉందేమో వెతుక్కో" అంది.

అక్క నిజంగానే వెతికింది. మడతలు విప్పి మరీ వెతికింది.

చెల్లెలు వెళ్ళిపోయిన మధ్యాహ్నం, తొట్టి కడగడానికి చేపలతను వచ్చాడు. నల్ల చేపను అరచేతిలోకి తీసుకుని నవ్వాడు.

"ఈ కుమొన్ర్యూ రకమే అంతమ్మా. నీళ్ళు చల్లబడితే నలుపెక్కుతుంది, ఎండలకి మళ్ళీ తెలుపు తేలుతుంది. అందుకే జనానికి దీనిమీద అంత మోజు. ఇదిగో, మూతి పక్కన ఈ నొక్కు. మీరు కొన్నరోజు నేను చూపించిందే."

అక్క కళ్ళజోడు సవరించుకుని నొక్కు చూసింది. గబగబా ఫోను చేసింది. చెల్లెలు ఎత్తలేదు.

"ఎప్పటికి తెల్లబడుతుంది బాబూ? మా చెల్లిని పిలిచి చూపించాలి."

"వేసవికి తప్పకుండానమ్మా."

చెల్లెలు ఆ ఇంటికి మళ్ళీ రాలేదు. వేసవి ఇంకా నెల ఉందనగా చెల్లెలే పోయింది.