బుడగల కాపలా

"వీణ్ణా నువ్వు తెచ్చుకున్నది? వీడికంటే ఆ లంగరు నయం కదా, పడేసిన చోట పడుంటుంది" అన్నాడు సరంగు.

పెద్ద పడవ మీదున్న వాళ్ళంతా నవ్వారు. నవ్వరూ మరి. ప్రార్థన మధ్యలో పాస్టరుగారి కాళ్ళ సందునుంచి పాకి పారిపోయిన నోర్విన్‌ను ఊళ్ళో ఎవరు మరిచిపోతారు? వాళ్ళ నాయనమ్మ వాడి కాలిని వలతాడుతో మంచంకోడుకు కట్టేసి గాని పొయ్యి దగ్గర కూర్చునేది కాదు. ఇప్పుడు వాడికి ముప్పై దాటాయి. అయినా ఆ తాడు సంగతే అందరికీ ముందు గుర్తొస్తుంది.

"అవన్నీ చిన్నప్పటి కోతివేషాలు. ఇప్పుడు చూడండి, కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉంటాడు" అన్నాడు వాల్డిన్. నోర్విన్ అక్క మొగుడతను. లాబ్‌స్టర్ల కోసం సముద్రం అడుక్కి దిగేవాళ్ళలో ఆ తీరాన అతన్ని మించినవాడు లేడు.

సరంగు భుజాలెగరేశాడు. "నీ ప్రాణం, నీ బామ్మర్ది. నాకేం."

ఇద్దరూ దిగి కూర్చున్న చిన్న దోనె పెద్ద పడవకు దూరమయ్యాక వాల్డిన్ మొహంలో నవ్వు పోయింది. గాలి సిలిండరు వీపుకు బిగించుకుంటూ గొంతు తగ్గించాడు.

"ఒరేయ్, మీ అక్కకి చెప్పకు. నిన్న పైకొచ్చాక నా కాళ్ళు కాసేపు నావి కాకుండా పోయాయి. గిల్లినా తెలియలా. ఇవాళా అట్లాగే అయితే నేను ఈదలేను. నేను తేలిన చోట నువ్వుండాలి. లేకపోతే ఈ నీటివాలు నన్ను ఎటు లాక్కుపోతుందో ఆ దేవుడికే తెలియాలి."

"అట్లాంటప్పుడు దిగడమెందుకు బావా?"

"ఇంట్లో పొయ్యి నువ్వు వెలిగిస్తావా? నా బుడగలు వదలకు. నీకింకే పనీ లేదు."

"కన్ను తిప్పను బావా."

వాల్డిన్ వెనక్కి వాలి నీళ్ళలో పడ్డాడు. కాసేపటికి బుడగలు లేచాయి. అవి కదిలిన వైపు నోర్విన్ తెడ్డు వేశాడు. కిందికి దిగిన మనిషి బతికున్నాడని, ఫలానా చోట ఉన్నాడని చెప్పడానికి ఆ నీళ్ళ మీద అవి తప్ప ఇంకో గుర్తు లేదు.

నోర్విన్ నిజంగానే కదలకుండా కూర్చున్నాడు. కాళ్ళలో ఉన్న ఆ పరుగు ఏ వయసులో ఆగిందో అతనికి గుర్తులేదు. నిజానికి ఆగలేదన్న సంగతి మాత్రం అతనొక్కడికే తెలుసు. అది తలలోకెక్కి కూర్చుంది. నాయనమ్మ తాడు అక్కడికి అందదు.

బుడగలు. అక్క కట్టిచ్చిన కర్రపెండలం రొట్టె పెద్ద పడవలోనే మరిచిపోయాడు. బుడగలు. కోళ్ళగూటికి గడియ పెట్టాడా లేదా? బుడగలు. పోయినేడు ఇక్కడే ఒకతను తన మనిషి బుడగలు పోగొట్టుకున్నాడు. ఈనాటికీ ఒడ్డున కూర్చుని నీళ్ళకేసే చూస్తుంటాడు, కూడు పెట్టినా తల తిప్పడు. సముద్రాన్నేలే లివా ఆ మనిషి ఒంటిని, ఈ మనిషి చూపుని తీసేసుకుందని ముసలాళ్ళు అంటారు.

"ఏరా, కాలికి తాడేదీ ఇవాళ?"

పక్కనించి రోస్మెల్ దోనె పోతోంది. అతనూ ఆ పెద్ద పడవ మనిషే, ఇంకొకరి బుడగలకు కాపలా.

"నీకోసమే దాచానులే. మెడకి సరిపోతుందో లేదో చూసుకో" అన్నాడు నోర్విన్. "నీ మనిషి ఏడీ?"

"తెయోఫిలో ఇప్పుడే దిగాడు, ఇప్పట్లో రాడు. ఈలోపు పెద్ద పడవ దాకా పోయి ఇంకో సిలిండరు పట్టుకొస్తా."

రోస్మెల్ దోనె వెనకభాగానికి కొత్తగా నీలంరంగు వేశారు. ఆ రంగు ఎక్కడ దొరికిందో. అక్క వాళ్ళ తలుపుకి అట్లాంటిది వేస్తే బాగుంటుంది. తలుపుకంటే ముందు కప్పు బాగుచేయించాలి, వానొస్తే పిల్లలు మంచమెక్కి...

నోర్విన్ ఉలిక్కిపడి నీళ్ళ వైపు చూశాడు.

బుడగలు లేవు.

తెడ్డు ఎటు వేస్తున్నాడో తెలియకుండా వేశాడు. ఒడ్డున కూర్చునే ఆ మనిషి కళ్ళు గుర్తొచ్చాయి. ఇటు లేవు, అటూ లేవు. దేవుడా, ఈ ఒక్కసారికి.

అదిగో. కొంచెం ఎడంగా, తెల్లగా, గుప్పుగుప్పున లేస్తున్నాయి.

నోర్విన్‌కు ఏడుపొచ్చింది. దోనెను వాటి పక్కకు చేర్చాడు. ఇక చూపు తిప్పలేదు. ఎండ నెత్తిన మాడ్చినా, ఉప్పునీరు కళ్ళలో పడి మండినా తిప్పలేదు. కోళ్ళగూడు, తలుపు, కప్పు, అన్నీ ఎటో పోయాయి. తల నిమ్మళంగా ఉండటమంటే ఏమిటో పుట్టి బుద్ధెరిగాక అతనికి మొదటిసారి తెలిసింది.

వెనక ఎక్కడో దూరంగా ఎవరో కేకేశారు. రోస్మెల్ మళ్ళీ వెక్కిరిస్తున్నాడనుకున్నాడు. అతనికేసి చూసే గదా ఇందాక కొంప మునగబోయింది. ఇంకోసారి వినిపించింది, ఈసారి సన్నగా. మాటిచ్చాను కదా అనుకుని నోర్విన్ తల తిప్పలేదు. ఆ తర్వాత వినిపించలేదు.

చాలాసేపటికి బుడగలు చిక్కబడ్డాయి. అద్దం పెట్టుకున్న తల ఒకటి సరిగ్గా దోనె పక్కనే తేలింది. నోర్విన్ వంగి రెండు చేతులా ఆ చేతిని ఒడిసిపట్టుకున్నాడు.

"చూశావా బావా, నువ్వు తేలిన చోటే ఉన్నా. ఎవరో పిలిచినా తల తిప్పలేదు."

ఆ మనిషి నోట్లోని గొట్టం ఉమ్మేసి, ముఖం మీది అద్దం పైకి నెట్టాడు. తెయోఫిలో. రొప్పుతూ చుట్టూ ఉన్న ఖాళీ నీళ్ళను ఒకసారి కలయజూశాడు.

"నువ్వు నా బుడగల మీదున్నావేంట్రా? మరి మీ బావని ఎవరు చూస్తున్నారు?"