రెండో గీత

"ఇంకొంచెం ఐసు పెట్టు పాపా" అంది నంజమ్మ కూతురితో, మడివాళ మార్కెట్‌కు పంపాల్సిన కనకాంబరాలు కడుతూనే.

నేత్రావతి, కునుకు పట్టిన తమ్ముడి మోకాలి మీద ఐసు గుడ్డ మార్చింది. వాడికి నెత్తురు గడ్డకట్టదు. మెట్టు తగిలినా చాలు, నెత్తురు లోపలే కారి మోకాలు కొబ్బరికాయంత అవుతుంది.

"ఈ పొద్దు మీ యూనివర్సిటీలో వీడి జబ్బు పాఠమే అంటివే. ఎవరినుంచి వస్తాదంట?"

నేత్రావతి చేయి ఆగింది. ఇది కోడలు తెచ్చిన రోగమేనని అవ్వ చచ్చేదాకా ఆడిపోసుకుంది. ఆ మాట తప్పని తేల్చడానికే నేత్రావతి కామర్స్ వద్దని పోట్లాడి బీఎస్సీ బయాలజీలో చేరింది. తీరా ఈరోజు లెక్చరర్ బోర్డు మీద ఒక కుటుంబం బొమ్మ వేసి, తల్లి నుంచి కొడుక్కి గీత గీశాడు.

"ఎవరినుంచీ కాదు మా. అట్లే వస్తాదంట."

"నాకాడ అబద్ధమెందుకు పాపా? నానుంచే వచ్చిండాదని వాడు చిన్నప్పుడే డాక్టరు చెప్పినాడు."

"తెలిసీ ఎందుకడిగితివి?"

నంజమ్మ దారం కింద పెట్టింది.

"నీకూ వచ్చిండాదేమో అని ఆయప్పను అడిగేకి ధైర్యం రాలేదు. మీ సార్ ఏమన్నా చెప్పినాడా?"

చెప్పాడు. కొడుకు గీత పక్కనే, కూతురికీ ఒకటి గీశాడు; జబ్బు తనలో బయటపడకపోయినా ఆమె దాన్ని తన కొడుకులకు అందించవచ్చన్నాడు. పొద్దుటి నుంచి అమ్మకు ఏం చెప్పాలా అని మథనపడుతున్న నేత్రావతికి, ఆ రెండో గీత చివర ఉన్నది తానేనని ఇంతవరకూ తోచనేలేదు.